మసి బొట్టు

మా గుట్ట మీద చలికాలం
మధ్యాహ్నం మూడింటికే దీపాలు పెట్టిస్తుంది.
సూర్యుడు అస్తమించడు, పొగలో మునిగిపోతాడు.
కింద ఉలాన్‌బాతర్‌లో కిటికీలు బిగించుకున్నవాళ్ళు
పైకి చూసి దగ్గుతారు:
"అంతా ఆ గుడారాల వాళ్ళే."
ఆ గుడారాల వాళ్ళం మేమే.
ఒక్క మంచుదెబ్బకి మందంతా పోతే
ఫెల్టు చుట్టుకుని, పొయ్యి లారీకెత్తుకుని
నగరం అంచుకు చేరినవాళ్ళం.

చోయ్‌దొర్జ్ లామా మా గుమ్మంలోకి వంగి వచ్చినరోజు
మంత్రం చదువుతాడనుకున్నాను.
నీలి పట్టుకండువా కోసం పెట్టె తిరగేశాను.
ఉప్పు టీ కాచబోతే
"ముందు పొయ్యి ఆర్పు" అన్నాడు.
కాషాయం మీద ఎవరో లారీ డ్రైవర్ విడిచిన కోటు,
చేతిలో చీపురంత బ్రష్షు.
నిచ్చెనెక్కి, గొట్టంలోకి భుజం దాకా చెయ్యి దూర్చి
మూడేళ్ళ మసిని మా నేల మీద పోశాడు.
అందులో ఒక పిచ్చుక.
ఎండి, నల్లబడి, అగ్గిపెట్టెంత.
"ఇదే అడ్డం. ఇంకో రెండు రాత్రులైతే
పిల్లవాడు నిద్రలోంచి లేచేవాడు కాదు."
బొగ్గు ధర చెప్పినంత మామూలుగా చెప్పాడు.

తుగుల్దుర్ అప్పుడు నిద్రపోతున్నాడు.
పట్టపగలు. నాలుగు రోజులుగా పట్టపగలే.
బడికి ఎగనామమని తిట్టానుగదా వాణ్ణి.

మోకాళ్ళ మీద పడి తల వంచాను.
ఆయన తన అరచేతులు చూసుకుని కాస్త జంకాడు,
తర్వాత పెట్టాడు.
ఐదు వేళ్ళ మసి నా నుదుటి మీద.

మర్నాడు బస్సులో టిక్కెట్లు కోస్తుంటే
నీళ్ళబండి మలుపులో ఎక్కిన ముసలామె
శాలువా జరిపి తన నుదురు చూపించింది.
అదే నలుపు.
నేను చిల్లర తీసుకోనన్నాను, ఆమె ఊరుకోలేదు.
ఆ వారం పదకొండు నుదుళ్ళు లెక్కపెట్టాను,
ఒక పోలీసుది కూడా.
ఎవరూ కడుక్కోవడం లేదు.

తెలిసి మండిపడ్డాడు లామా.
నీళ్ళబండి దగ్గర, అందరి ముందూ:
"చంపేదే ఇది. దీన్నా మొహాన పెట్టుకుని ఊరేగడం?
సబ్బుల్లేవా మీ ఇళ్ళల్లో?"
నవ్వుకున్నాం. చాలామంది కడుక్కున్నారు.
నేను కుడి కనుబొమ్మ కింద
చిటికెడు దాచుకున్నాను.

గని కంపెనీ వాళ్ళొచ్చారొకసారి.
రెండువందల కొత్త గొట్టాలు, ఒక కెమెరా,
తెల్లటి చేతితొడుగుల పెద్దమనిషి.
లామా గొట్టాలు లెక్కపెట్టుకుని
నిచ్చెన ఆయన చేతికిచ్చాడు, కదలకుండా పట్టుకోమని.
మూడు గంటలు పట్టుకున్నాడు పాపం.
ఫొటోలో ఎవరు ఎవరో పోల్చలేకపోయాం.
మసి పూసి మారేడుకాయ చేసేవాళ్ళు లోకం నిండా ఉన్నారు,
మసి పూసి మనిషిని చేసినవాణ్ణి ఆ ఒక్కడినే చూశాను.

"ఆ బొగ్గూ వాళ్ళదే, ఈ గొట్టాలూ వాళ్ళవే"
అని వెల్డింగు చేసే జంబల్ మొహం మీదే అనేశాడు.
లామా జవాబు చెప్పలేదు.
ఆ రాత్రి ఆయన గుడారంలో దీపం
తెల్లారేదాకా అలాగే ఉంది.
పొద్దున మళ్ళీ గొట్టాలు మోశాడు.

ఈ ఏడు ఆయన నిచ్చెన ఎక్కడం లేదు.
గుమ్మం బయట డబ్బా మీద కూచుని దగ్గుతాడు.
పైన నేను.
కింద నిచ్చెన పట్టుకుని తుగుల్దుర్,
నాకన్నా జానెడు ఎత్తు.

నిన్న ఒక పచ్చిబాలింత,
పేరైనా అడగలేదు నేను,
పొయ్యి మళ్ళీ రాజుకోగానే నా ముందు తల వంచింది.
నా చేతులు చూసుకున్నాను.
"ఆయన బయట ఉన్నారు, అక్కడికెళ్ళు తల్లీ" అన్నాను.
లేవలేదు.
చివరికి చొక్కా మడిచి
మసి అంటని చోటు అదొక్కటే మిగిలింది గనక
ఎడమ మోచేత్తో, మెల్లగా, ఆమె నెత్తిని తాకాను.

బయట లామా
దగ్గాడో, నవ్వాడో.