నలభై నిమిషాలు

జయపురం విమానాల మైదానంలో
మనుషుల్ని తూచడం నా పని.
తొమ్మిది సీట్ల బుల్లి విమానం,
ముందెవరు వెనకెవరు అన్నది కిలోలు చెప్పాలి.
ఇదివరకు బియ్యం మిల్లులో కాటా దగ్గరుండేవాణ్ణి.
బస్తాలకి సిగ్గులేదు.
మనుషులు కాటా ఎక్కగానే ఊపిరి బిగబడతారు.

ఆ వేళ వరుస చివర ఎండుచేపల నూకాలు.
సంతలో ఆమె ఎక్కడుందో గాలిని అడిగితే చాలు.
చెప్పులు విడిచి కాటా ఎక్కింది, గుడి మెట్టెక్కినట్టు.
నలభై ఒకటి.
చోడిపిండి సంచి ఆరు.

"ఇశాపట్నం ఎంతసేపు బావూ?"
"నలభై నిమిషాలు."
"మరి బస్సు?"
"నీకు తెలీదా, ఏడు గంటలు."
వేళ్ల కణుపులు లెక్కెట్టుకుంది.
"అయితే మిగిలిన ఆరు గంటలా ఇరవై నిమిషాలు
ఎవులు అట్టీసుకుంటారు?"

నేను నవ్వేను. పైలట్టూ నవ్వేడు.

జాలారిపేటలో ఆమె అక్క పోలమ్మ
ముప్పయ్యేళ్లుగా బుట్ట కట్టి బస్సు టాపు మీద పంపేది.
నెత్తళ్లు, సావిళ్లు, వానాకాలం రొయ్యపొట్టు.
ఘాట్లో బస్సు వొంగినప్పుడల్లా ఉప్పునీళ్లు కారి
అద్దాల మీద తెల్లచారలు.
కండక్టర్లు తిట్టి తిట్టి, దోసెడు పుచ్చుకునేవారు.
మొన్న రాత్రి ఫోన్లో అక్క మాట రాలేదు,
ఊపిరి మాత్రం వినిపించిందట.
అందుకే సంత డబ్బులన్నీ పోసి ఈ టికెట్టు.

విమానం ఎగిరింది.
దేవమాలి భుజాల మీదికి మబ్బు దిగింది.
పంతొమ్మిది నిమిషాలకి, పోయిన దారినే
తిరిగొచ్చి వాలింది.
"వొచ్చీసినామా?" అంది నూకాలు మెట్టు మీదే నిలబడి,
సముద్రం కోసం ముక్కు ఎగబీలుస్తూ.
తడిసిన గడ్డి, ఇంధనం, నా కాటా.

బండి మీద బస్టాండుకి నేనే దింపేను.
సెమిలిగుడ, పొట్టంగి, సుంకి, సాలూరు,
కండక్టరు ఒక్క ఊపిరిలో అరుస్తున్నాడు.
చోడిపిండి సంచి ఒళ్లో పెట్టుకుని
కిటికీ పక్కన కూర్చుంది, ఎప్పటి సీట్లోనే.

రెండు సంతలు పోయేక కనిపించింది.
"అందేవా?" అన్నాను.
చేతి త్రాసులో నెత్తళ్లు పోస్తూ,
"సుంకి కాడ టీ గలాసు చేతికిచ్చేడు, అప్పుడే ఫోనొచ్చింది.
ఏడిసినాను. టీ తాగినాను,
డబ్బులిచ్చీసినాను గదా.
మరి కొండ దిగినంతసేపూ
దాంతో మాటాడుకుంటానే ఎల్నాను బావూ.
ఇమానంలో అయితే, మబ్బు నేకపోయినా,
అన్ని మాటలు పడతాయేటి?"

ముల్లు మధ్యకొచ్చేక
ఇంకో గుప్పెడు వేసింది.
"దాని సేతి ఆకరి బుట్ట," అని
పొట్లం బిగించి కట్టింది.

డ్యూటీ సంచిలో పెట్టుకున్నాను.
మర్నాడు కాటా ఎక్కిన ఇంజినీరుగారు
జేబురుమాలు ముక్కుకి అడ్డుపెట్టుకుని
ఏమిటయ్యా ఈ కంపు, అన్నారు.
ఎనభై మూడు, అని రాసుకున్నాను.