పురి

టిబిలిసిలో ఆ నాలుగో అంతస్తు నిండా
ఒకప్పుడు కుట్టుమిషన్లు.
కిటికీ వైపు వరసలో ముప్పై ఏడో నంబరు మక్వాలాది.
ఇప్పుడక్కడ ఇన్సూరెన్సు వాళ్ల బల్లలు వేస్తారట.
ఆమె నిచ్చెనెక్కి, సీలింగు పలక పక్కకి జరిపి,
దుమ్ములో తల దూర్చి
నీలం కేబుల్ లాగుతోంది.
యాభై ఒకటో ఏట కొత్త పని.

కింద నుంచి అన్జోర్ కేకలు:
"కరెంటు తీగ పక్కన పడుకోబెట్టకు,
దాని గురక దీని చెవిన పడుతుంది.
మలుపు దగ్గర విరవకు, వంచు.
బిగించి కట్టకు, ఊపిరాడనీ.
గోడలోంచి గోడలోకి తొంభై మీటర్లు,
అటూ ఇటూ చిల్లర తీగలకి పది.
నూటొకటో మీటరుకి ఎవడూ పూచీ పడడు."

ఏ వరస, బీ వరస, రెండూ ఒప్పేనట.
భవనానికి మాత్రం ఒక్కటే.
ఇక్కడ బీ. ఎక్కంలా వల్లించాలి:
నారింజ చారల తెలుపు, నారింజ,
పచ్చ చారల తెలుపు, నీలం,
నీలం చారల తెలుపు, పచ్చ,
గోధుమ చారల తెలుపు, గోధుమ.

పచ్చ జంట నడుమ నీలం ఎందుకు దూరిందని అడిగింది.
"పాత టెలిఫోను అక్కడ కూర్చుంది,
ఇంకా లేవలేదు" అన్నాడు.

ఆమెకది నచ్చలేదు.
పద్నాలుగో పాయింటు దగ్గర
అతను సిగరెట్టుకి వెళ్లినప్పుడు
పచ్చ పక్కన పచ్చ, నీలం పక్కన నీలం,
రెండు కొసలా ఒకేలా, చక్కగా సర్దేసింది.
చిన్న మీటరు పెడితే
ఎనిమిది దీపాలూ వెలిగాయి.

పెద్ద మీటరు ఒప్పుకోలేదు.
తీగ తెగలేదు. ఎక్కడా కలవలేదు.
అయినా మాట మీద మాట పడుతోంది.

అన్జోర్ తిట్టలేదు. కొస విప్పి చూపించాడు.
"మూడూ ఆరూ కలిసి మాట్లాడే జంట.
నువ్వు మూడుకి పచ్చ జంటలో ఒకదాన్ని,
ఆరుకి నీలం జంటలో ఒకదాన్ని ఇచ్చావు.
చేరాల్సిన చోటికి అన్నీ చేరాయి.
దారి పొడుగునా మాత్రం
ఎవరి తోడు వాళ్లకి లేదు."

మక్వాలా చాలాసేపు కొస వంకే చూసింది.
ఇరవై రెండేళ్లు దారంతో బతికిన మనిషి.
పురి పోయిన పోగు ఎలా పీచవుతుందో
ఆమెకి ఒకరు చెప్పాలా?

రెండు కొసలూ కత్తిరించింది.
చూపుడువేలి గోరంత మేరే పురి విప్పి
నీలాన్ని పచ్చల మధ్యకి పంపింది,
కాస్త విసురుగానే.

వాళ్ల భాషలో పురి అంటే రొట్టె.
ఏడింటికి అన్జోర్ వీధి చివరి పొయ్యి నుంచి
వేడిది పట్టుకొచ్చాడు.
నేల మీద కూర్చుని తిన్నారు.
చెయ్యి తుడుచుకుని ఆమె
రెండు కొసలకీ చీటీ అంటించింది: 4-14.

బూటుతో దుమ్ము నెడితే
దాని కిందే, తెల్ల రంగులో, సగం చెరిగి, 37.

డ్రాయింగులో ఆ నంబరు లేదు.