నిమ్మకాయ చలానా

పొదలకూరు యార్డులో
గోతాల మీద నడుం వాల్చి ఉండంగా
ఫోను నాలుగుసార్లు దగ్గింది.
నాలుగూ అరవంలోనే.

జంతికల గొట్టంలోంచి రాలినట్టు
వంకర్లు తిరిగిన అక్షరాలు.
అంకెలు మాత్రం నాకు తెలిసినవే.
అయిదొందలు, వెయ్యి, అయిదొందలు, మళ్లీ వెయ్యి.
ఏ భాషలో అడిగినా
బాకీ బాకీనే గదా.

ఓనరు రాఘవరామిరెడ్డి ఒకే మాట చెప్పినాడు.
"బండి నాది, కాలు నీది.
తొక్కిన కాలే కట్టుకోవాల."

సంగం రోడ్డులో పరోటాలు కొట్టే
షణ్ముగవేలు దగ్గరికి పొయ్యినా.
పిండి చేతులు లుంగీకి తుడుచుకుని
ఫోను దూరంగా పట్టి
జాతకం చూసినట్టు చదివినాడు.

మొదటిది మాధవరం సిగ్నలు.
నిజమే సామీ, ఎర్రదీపం చూసినా.
వెనకాల పదిహేను క్వింటాళ్ల పచ్చికాయ.
ఎండెక్కేలోగా కోయంబేడు చేరకపోతే
కిలో నలభై కాయ
పసుపు తిరిగి పదికి దిగిపోద్ది.
దీపం ఎరుపు పెద్దదా, కాయ పసుపు పెద్దదా అని
రవ్వంతసేపు ఆలోచించినా.
తొక్కేసినా.

రెండోది పోకూడని సందులో పొయ్యినందుకు.
బోర్డు ఉండాదంట.
ఉండే ఉంటది.
అది నన్ను చదివింది, నేను దాన్ని చదవలేకపొయ్యినా.

మూడోది చదవబొయ్యి షణ్ముగవేలు
నవ్వాపుకోలేక పరోటా మాడ్చినాడు.
నంబరు కనపడకుండా
ప్లేటుకు ఏందో అడ్డం పెట్టినానంట.
బొమ్మ పెద్దది చేసి చూస్తే
అది మా పెంచలమ్మ కట్టిన దిష్టి.
ఏడు మిరపకాయలు, ఒక బొగ్గుముక్క,
గాలికి ఊగి సరిగ్గా సున్నా మీద కూర్చున్న
మన పొదలకూరు నిమ్మకాయ.

నంబరు కనపడలేదని రాసిన చీటీ
నంబరు చూసుకుని నాకే ఎట్టా వచ్చిందో
నేను అడగలేదు.
ఎవురి కన్నూ పడకూడదని గదా ఆమె కట్టింది,
పడనే పడింది,
స్తంభం మీద రెప్పలేని కన్ను.
దానికి ఉప్పు ఎట్టా తిప్పేది?
ఎర్రనీళ్లు ఏ మూడుదార్ల కూడలిలో పోసేది?

నాలుగోది నాది కాదు.
తిరునెల్వేలి అంట.
నేను చెంగల్పట్టు దాటి ఎరగను.
హెల్మెట్టు లేనందుకంట,
నాలుగు చక్రాల బండికి!
బొమ్మలో బైకు ఉంది.
తోలేవాడికి మీసం ఇంకా మొలకే.
వెనకాల ఒక ఆడమనిషి
వాడి వీపుకు చెంప ఆనించి కళ్లు మూసుకోనుంది.
ఆమె చేతిలో గాలికి వంగిన ఎక్స్‌రే కవరు.

మీసేవలో ఖాదర్‌బాషా గడ్డం గీరుకున్నాడు.
"మన రాష్ట్రం కాదన్నా.
నాది కాదని చెప్పాలంటే
అరవంలో అర్జీ, బండికి నాలుగు పక్కలా ఫోటోలు,
వాళ్ల ఊర్లో వాయిదా.
వెయ్యి మిగిలేదానికి మూడువేల దారి."
మూడింటికీ రెండువేలు కట్టినా.
ఓటీపీ ఓనరు ఫోనుకు పొయ్యింది,
ఆయన మధ్యాహ్నం నిద్ర లేచేదాకా
బెంచీ మీద కూర్చున్నా.

నాలుగోది కట్టలేదు, తుడిచెయ్యనూ లేదు.

ఈ లోడుకు దిష్టి తీసి లోపల అద్దానికి కట్టినా.
"బయట కట్టాల గదా" అని పెంచలమ్మ గొణిగింది.
తడ దాటినా, ఆరంబాకం దాటినా,
మాధవరంలో మళ్లీ అదే ఎర్రదీపం.
ఆగినా.
వెనకాల హారన్లు,
వాటి వెనకాల కాయ పసుపు తిరగతా ఉండాది.
నిమ్మకాయ ఊగి ఊగి నా మొహం ముందరే నిలబడింది.

ఫోను తీసి ఆ బొమ్మ ఇంకోసారి పెద్దది చేసినా.
ఎంత పెద్దది చేసినా
ఆ కవరు లోపల
ఏ ఎముక విరిగి ఉండాదో కనపడలా.