పదమూడో విడుదల

గేట్ బజారు వెనక సందులో, మేడ మీద
పాత చీరల నిండా అప్పడాలు.
గోపాల్‌పూర్ వైపు నుంచి గాలి మళ్లితే
గంటలో మెత్తబడిపోతాయని
సుభద్రమ్మ పిన్ని ఆకాశాన్ని తిడుతోంది.
కింద గదిలో నేను
‘గట్టు’ పదమూడో విడుదలకి కూర్చున్నాను.

గట్టు అంటే పెద్దదేం కాదు.
ఇంట్లో తెలుగు మాట్లాడి బళ్లో ఒడియా రాసే పిల్లలకి
తాత రాసిన ఉత్తరాన్ని
వాళ్లకొచ్చిన అక్షరాల్లో చూపెట్టే చిన్న ప్రోగ్రాం.
ఉచితం. ఎవరైనా విప్పి చూసుకోవచ్చు.
ప్రతి వరుసా నాదో, భంజనగర్ సుశ్రీ పాఢిదో
అనుకుంటూ ఉండేవాణ్ణి,
ఇవాళ మధ్యాహ్నం దాకా.

మొట్టమొదటి వరుస మాది కాదు.
నాలుగేళ్ల కిందట, పరీక్షల తొందరలో,
ఎవరో కట్టి పెట్టిన కంటెయినర్ ఇమేజ్ తెచ్చుకుని
దాని మీద మా సామాను సర్దేశాం.
కట్టినవాళ్ల పేరు నీలిగువ్వ.
ఊరు లేదు, ఫొటో లేదు.
లోపలేముందో చదివామా? లేదు.
నడిచింది కదా, అదే చదవడం.
పన్నెండు విడుదలల కృతజ్ఞతల్లో
ఆ పేరు ఒక్కసారీ రాయలేదు.

ఇవాళ తెర మీద ఎర్రగా:
ఆ పేరుతో ఇమేజ్ ఏదీ లేదు.
చికిటి నుంచి మాస్టారు అప్పటికే రెండుసార్లు ఫోను.
"బాబూ, సోమవారం చూపిస్తానని పిల్లలకి చెప్పేశాను."

సుశ్రీ వెతికి ఇంకోటి పట్టుకొచ్చింది.
అదే పేరు, ఒక్క అక్షరం తేడా,
నిన్న పుట్టిన ఖాతా.
"పెట్టేద్దామా?" అంది.
పెడితే అది చికిటి బళ్లో పద్దెనిమిది కంప్యూటర్లలో తెరుచుకుంటుంది,
మా పేరుతో.
ఇద్దరం చాలాసేపు ఏమీ అనలేదు.
ఫోనులో వాళ్లింటి ఫ్యాను చప్పుడు.

పిన్ని దిగొచ్చింది, పిండి చేతులతో, మంచినీళ్లకి.
"ఏట్రా, ముఖం అలాగుంది?"
నాకొచ్చిన మాటల్లో చెప్పాను.
చెంబు ఎత్తి తాగింది. మూతి తుడుచుకుంది.

"పోయిన వానల్లో నా మణికట్టు వాచిపోయింది కదా,
నెల్లాళ్లు రోకలి ముట్టలేదు.
సావుకారు వచ్చి అడిగేడా? లేదు.
తామరపువ్వు పొట్లాం మాత్రం అలాగే ఉంది,
లోపల ఎవరివో అప్పడాలు, సోడా ఎక్కువేసి.
కటకం దాకా తిన్నారు. ఎవుడికీ తెలీలేదు.
పొట్లాం మీద నా పేరుంటే కదరా
నేను లేనని తెలవడానికి."

మళ్లీ మేడెక్కిపోయింది. గాలి మళ్లింది కాబోలు.

ఆ ఒక్క అక్షరం తేడా పేజీని మూసేశాను.
విడుదల ఆపేశాం. సుశ్రీ అడుగు నుంచీ కడుతోంది,
ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక్కోటీ రాసుకుంటూ,
పేరు కాదు, వేలిముద్ర సరిచూసుకుంటూ.
నాలుగు రోజులంటోంది. పది పట్టొచ్చు.
మాస్టారికి చెప్పాలి. ఇంకా చెప్పలేదు.

పాత ఫైళ్ల అడుగున ఎక్కడో దొరికిన మెయిల్ చిరునామాకి
నాలుగేళ్లలో మొదటి ఉత్తరం మొదలెట్టాను.
‘నీలిగువ్వ గారికి’ దగ్గరే ఆగిపోయాను.
ముసలాయనో, బాలింతో, పదో తరగతి పిల్లాడో.
ఎందుకు తీసేశారని రాసి, కొట్టేశాను.
మళ్లీ పెట్టగలరా అని రాసి,
అదీ కొట్టేశాను.

పైన చీరలు దులిపి మడతేస్తున్న చప్పుడు.

చెయ్యి ఎలా ఉంది, అని రాసి
పంపించాను.