వంతెన లేస్తే

డులూత్‌లో మార్చి అంటే ఇంకా చలికాలమే.
మా జామెట్రీ గది కిటికీలోంచి చూస్తే
కొండ దిగువన సరస్సు,
సరస్సు గొంతుకి అడ్డంగా ఇనుప వంతెన.
ఓడొస్తే అది లిఫ్టులా నిలువునా పైకి పోతుంది.
ఉదాహరణల కోసం నేను పుస్తకం తెరిచి చాలా కాలమైంది.

బోర్డు మీద రాశాను:
ఓడ వస్తే వంతెన లేస్తుంది.
తిరగెయ్యండి, అన్నాను.
వంతెన లేస్తే ఓడ వచ్చినట్టేనా?
కాదన్నాడు వెనక బెంచీ టకర్,
గ్రీజు పెట్టడానికి కూడా లేపుతారు,
మా మామయ్య పని అదే.
సరే, విపర్యయం నిలవలేదు.
ఓడ రాకపోతే వంతెన లేవదా?
అదే గ్రీజు, అదే మామయ్య. విలోమం కూడా పోయింది.
మరి వంతెన లేవకపోతే?
ఇరవై ఆరుమందీ ఒక్కసారి కిటికీ వైపు తిరిగారు.
లేవకపోతే ఓడ రానట్టే.
నాలుగింట్లో
మొదటిదానికి తోడుగా మాట తప్పనిది ఇదొక్కటే.

వీధిలో ఎవరి మీదైనా పుకారు పుడితే
నిప్పు లేనిదే పొగ రాదనేది మా పెద్దమ్మ.
దాన్ని ప్రతివర్తితం అంటారని
తెనాలిలో పదో తరగతికొచ్చాక తెలిసింది.
ఆ పుకారు అబద్ధమని తెలియడానికి
ఇంకో పదేళ్ళు పట్టింది.
పెద్దమ్మ తర్కంలో తప్పు లేదు.
ఆవిడ చూసింది పొగ కాదు, పొగమంచు.

ఇంకో వాక్యం మీరే చెప్పండి, అన్నాను.
ఎప్పుడూ చెయ్యెత్తని ఐలా నీమెలా చెయ్యెత్తింది.
నాన్న వస్తే ఓడ వచ్చినట్టు.
వాళ్ళ నాన్న ఇనుపరాయి మోసే ఓడలో వంటమనిషి.
బావుంది, తిరగెయ్యి, అన్నాను అలవాటుగా.
ఓడ వస్తే నాన్న వచ్చినట్టు.
నిజమా, అబద్ధమా?
అబద్ధం.
ప్రత్యుదాహరణ?
పోయిన జనవరి, అంది.

ఒక్కటి చాలు.
వెయ్యి ఓడలు నిజం చెప్పినా సరే,
కూల్చడానికి ఒక్కటి చాలునని
నెల రోజులుగా నేర్పుతున్నది నేనే.
ఎవరి కుర్చీ కిర్రుమనలేదు.
టకర్ తన షూ లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

ఉపపత్తికి మేం రెండు నిలువు గడులు గీస్తాం,
ఎడమ పక్క వాక్యం, కుడి పక్క కారణం.
ఆ రాత్రి పేపర్లు దిద్దుతుంటే
త్రిభుజాల లెక్క కింద మిగిలిన చోటులో
ఐలా గుండ్రటి చేతిరాత:
ఓడ వచ్చింది. దత్తాంశం.
అందరూ దిగారు. దత్తాంశం.
ఆయన ముందే గేరీలో దిగిపోయాడు. దత్తాంశం.
ఫోను నంబరు మారింది. దత్తాంశం.
అయిదో వరసలో ఎడమ గడిలో ఏదో రాసి చెరిపేసింది,
కుడి గడి ముట్టుకోలేదు.
ఎర్ర పెన్నుకి మూత పెట్టేశాను.

ఇంగ్లీషు ఇఫ్ వాక్యం గుమ్మంలోనే నిలబడి అడ్డుకుంటుంది.
మన 'తే' అలా కాదు, క్రియ తోక పట్టుకుని వస్తుంది,
వస్తే, లేస్తే, ఉంటే.
దాని పక్కింట్లోనే 'నా' ఉంటుంది,
వచ్చినా, లేచినా, ఉన్నా.
'తే'కి బోర్డు మీద బాణం గుర్తు ఉంది.
'నా'కి ఏ గుర్తు వెయ్యాలో
పదిహేడేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను, నాకింకా తెలీదు.

గురువారం మధ్యాహ్నం, కోణాల పరీక్ష మధ్యలో,
మంచు పలకల్ని తోసుకుంటూ ఈ ఏటి మొదటి ఓడ కూసింది.
పరీక్ష సంగతి మర్చిపోయి అందరూ కిటికీకి ఎగబడ్డారు,
నేనూ వద్దనలేదు.
వంతెన లేచింది.
ఐలా లేవలేదు.
దాన్నిబట్టి ఏదీ తేల్చకూడదని
తర్కం చెప్పేవాళ్ళకి తెలిసి ఉండాలి.
కోణమానిని కాగితం మీద కదలకుండా పట్టుకుని
తల వంచుకునే
పెదాలతో లెక్కపెడుతోంది,
మూడు పొడుగు,
రెండు పొట్టి.