తక్కువ సెట్టింగుల్లో నది

నా లాప్‌టాప్‌కి నది రాదు.
బూడిదరంగు దుప్పటి ఒకటి పరిచి
ఇదే నది అనుకోమంటుంది.
చెట్లు క్యాబేజీ ముక్కలు,
గుర్రం నాలుగు కాళ్ళ అట్టపెట్టె.
ఫ్యాను మాత్రం పిండిమరలా రొద.

లీడ్స్ నుంచి పైడిరాజు హెడ్‌సెట్‌లో నవ్వుతాడు.
రెండు నెలల ఓవర్‌టైమ్ పోసి కొన్నాడు గ్రాఫిక్స్ కార్డు.
"మిణుగురు రెక్క మీద ఈనెలు లెక్కపెట్టొచ్చు తెల్సా,
నువ్వింకా ఆ బురదలోనే ఈదుతున్నావా?"
వాడికి మాటలంటే విసుగు.
ఎవరు నోరు తెరిచినా ఎస్కేప్ నొక్కేస్తాడు,
రాజు చచ్చిపోతూ చెప్పే రహస్యమైనా
సగంలో తెగాల్సిందే.

నేను తెంచను.
హల్‌లో, ఆన్లబీ రోడ్డు మీద,
పాత వాషింగ్ మెషీన్లు అమ్మే షాపు పైన గదిలో,
మందుల గోడౌన్ నుంచి రాత్రి డ్యూటీ దిగొచ్చి
బూట్లయినా విప్పకుండా కూర్చుంటాను
రేవులో పడవ నడిపే ముసలమ్మ కోసం.
నా తెర మీద ఆమెకి ముఖం లేదు.
ముఖం ఉండాల్సిన చోట
ఉమ్మితో తుడిచిన పలక.
అయినా ఆమె
"ఒడ్డు కనబడకపోతే నా గొంతు పట్టుకుని రా, బిడ్డా"
అనగానే
దుప్పటి తడుస్తుంది.
"ఒడ్డు" దగ్గర ఒక జీర ఉంది,
అడుగంటిన గిన్నెని గరిటె గీకినట్టు.
అక్కడ నది లోతెంతో తెలుస్తుంది నాకు.

ఒకసారి వాదించాను వాడితో.
"పార్వతీపురంలో మీ పెదనాన్న నాటకం గుర్తుందా?
తెర మీది కోట చిరిగి వెనక బల్బు కనబడేది,
కిరీటానికి శుభలేఖల అట్ట,
పద్యం ఎత్తుకున్నాడా,
వన్స్ మోర్, వన్స్ మోర్!
చిరుగు ఎవడైనా చూశాడా?"
వాడు కాసేపు మాట్లాడలేదు.
"మర్నాటికి అది కుట్టింది నేనేరా," అన్నాడు,
"రాత్రంతా, లాంతరు పెట్టుకుని.
కుట్టినట్టు కూడా ఎవడూ చూళ్ళేదు."

దానికేమనాలో నాకు తోచలేదు.

నవంబరులో ఒక మంగళవారం, హెసిల్ వెళ్ళే బస్సు.
హంబర్ మీద పొగమంచు.
వంతెన సగందాకా ఉంది,
ఆపైన లోడ్ అవ్వలేదు.
నా వెనక ఎవరో డ్రైవర్ని కేకేశారు:
"నది ఒడ్డు దాకా పోతుందా, నాయనా?"

ఒడ్డు.
అదే గిన్నె, అదే గరిటె.

ఆకుపచ్చ రెయిన్‌కోటు, మోకాలికి పట్టీ,
చక్రాల సంచీలోంచి తొంగిచూస్తున్న ఉల్లికాడలు.
పేరు డోరీన్. బళ్ళో వంట చేసి రిటైరయిందట.
తొమ్మిదేళ్ళ కిందట అల్లుడి దోస్తు పిలిస్తే వెళ్ళి
గోడలకి పరుపులు కట్టిన గదిలో
రెండు రోజుల్లో ఆరొందల మాటలు చెప్పింది.
"చావు కేకలే ఇరవై రకాలు పెట్టించారు.
మునిగి ఒకటి, కాలి ఒకటి, కొండ మీంచి పడి ఒకటి.
వారం దాకా గొంతు పెగల్లేదు.
ఆ డబ్బుతో కొన్న ఫ్రిజ్ ఇంకా పనిచేస్తోంది."
ఆట మాత్రం ఎన్నడూ చూళ్ళేదట.
బెల్ నొక్కి, కమ్మీ పట్టుకుని లేస్తూ అడిగింది:
"ఇంతకీ అందులో నేనెలా ఉంటాను?"

మూడేళ్ళుగా రోజూ పలకరించిన మనిషి.
అబద్ధమాడ్డానికైనా ఒక ముక్కూ మొహం కావాలి కదా.
"పొగమంచులో ఉంటారు" అన్నాను.
"అయితే ఇక్కడలాగే" అని నవ్వి
మెట్టు మెట్టుకీ ఆగి దిగింది.

ఆ రాత్రి పైడిరాజుకి ఫోన్ చేశాను.
"రేవుకి పో. ఎస్కేప్ ముట్టుకోకు.
ఆమె ముఖం చూసి నాకు చెప్పు."
చాలాసేపు వాడి వైపునుంచి తెడ్ల చప్పుడే.
"ఎడం కనుబొమ్మలో చిన్న గాటు," అన్నాడు,
"కింది పెదవి చలికి పగిలింది.
చెవి దగ్గర ఒక్క నెరిసిన వెంట్రుక విడిగా ఊగుతోంది.
ఎవడో పనిగట్టుకుని కూర్చుని గీశాడ్రా దీన్ని."
బస్సు టికెట్టు వెనక రాసుకుంటున్నాను,
చోటు చాలక అంచు వెంబడి తిప్పి.
మళ్ళీ మంగళవారం ఉందిగా.

"ఇంకా?" అన్నాను.
"ఉండు," అన్నాడు వాడు,
"ఏదో చెబుతోంది, విననీ."