ఇరియా గీత

కొవిల్యాలో ఉన్ని మిల్లు మూసేశాక
నాకు మిగిలిన ఆస్తి ఒక్కటే,
దారం బిగువు వేలికి తెలియడం.
ముప్పై ఒక్క ఏళ్ళు అచ్చులు అతికాను,
పోగు ఎక్కడ తెగిందో మగ్గం చప్పుణ్ణి బట్టే చెప్పేదాన్ని.

అందుకే టెన్నిస్ క్లబ్బువాళ్ళు
మూలపడేసిన తీగలల్లే యంత్రాన్ని
నలభై యూరోలకిస్తామంటే మోసుకొచ్చాను.
నిలువు పదహారు, అడ్డం పంతొమ్మిది.
నిలువు పడుగు. అడ్డం పేక.
ఇందులో నేర్చుకోడానికి ఏముందనుకున్నాను.

చాలా ఉంది.

రాకెట్టు బిగించి తిప్పితే
బల్ల తాగినవాడిలా తూలేది.
కుస్తోదియు సైకిలు ముందు చక్రం విప్పి
అందులోని గుండ్లు తీసి దీని కింద కూర్చోబెట్టాను.
మా ఆయనకి చెప్పలేదు.
మర్నాడు ఏటికి చేపలకని గాలం పట్టుకు బయల్దేరి
సైకిలు ముందు చాలాసేపు నిలబడి
నడిచే వెళ్ళాడు.

దవడలు తీగని పట్టినట్టే పట్టి వదిలేసేవి,
జీతం పెంచుతానన్న మా మేస్త్రీ మాటలాగా.
స్పిరిట్టుతో తుడిచి, ఉప్పుకాగితంతో రుద్ది,
పాత ట్యూబు ముక్కలు లోపల అతికించాను.
కుట్టుమిషను పెడలు పీకి బల్లకి బ్రేకు చేశాను,
చొక్కాలు చేత్తో కుట్టుకుంటున్నాను.

బరువు వేలాడే ఊచ
సరిగ్గా అడ్డంగా నిలిచిందో లేదో కంటికి ఆనేది కాదు.
పక్కింటి తాపీ జెర్వాసియు పారేసిన రసమట్టంలోంచి
బుడగ గొట్టం ఊడదీసి ఊచ మీద అంటించాను.
ఆ పచ్చ బుడగ మధ్యకొచ్చి ఆగేదాకా
ఊపిరి బిగబట్టుకుని ఉంటాం,
నేనూ తీగా.

ఇక చివరికి కాటా.
సూట్‌కేసులు తూచే కొక్కెం తగిలించి లాగితే
ఇరవైమూడు అని చెక్కిన గీత దగ్గర
ఇరవై ఒకటిన్నర.
మళ్ళీ లాగాను. అంతే.
చేపల కొట్టు కాటా అరువు తెచ్చాను. అంతే.
ఇన్నేళ్ళూ ఇది అబద్ధమాడుతూ వచ్చింది,
ఒకటే అబద్ధం,
పూటకో మాట లేకుండా.
ఆకురాయితో కాస్త అవతలగా కొత్త గీత కోసి
పాతదాన్ని నల్లరంగుతో పూడ్చేశాను.
ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

శనివారం ఇరియా తన రాకెట్టు తీసుకెళ్ళింది.
సోమవారం వానలో తడుస్తూ వెనక్కొచ్చింది.
"అన్నీ వలలోనే పడుతున్నాయి అత్తా."

ఆడలేక మద్దెల ఓడు, అనబోయాను.
మాట నాలిక మీదే ఆగింది.
ఎనిమిదో ఏటినుంచీ ఈ పిల్ల
ఓటి మద్దెల మీదే కదా ఆట నేర్చింది!
యంత్రం చేసిన తప్పు
మణికట్టులో దిగి, ఎముకతోపాటు ఎదిగి,
అక్కడ ఒప్పయి కూర్చుంది.

మా మిల్లులో పధ్నాలుగో మగ్గం వదులుగా నేసేది.
లిస్బన్ నుంచి మెకానిక్కుని పిలిపించి బాగుచేయించిన ఏడు
వెనకటి దుప్పట్లే కావాలని
బేరగాళ్ళు అలిగి వెళ్ళిపోయారు.
మెకానిక్కుకి మాత్రం డబ్బు ముట్టింది.

గోటితో నల్లరంగు గీకాను.
పాత గీత బయటపడింది, కాస్త సిగ్గుపడుతూ.
గుర్తుగా దాని పక్కన
ఇరియా పేరులో మొదటి అక్షరం కోశాను.
మా లిపిలో అది కూడా
ఒక నిలువు గీతే.

సాయంత్రం కుస్తోదియు వచ్చి మూడు గీతలూ చూశాడు.
ఏది సరైందని అడిగాడు.
ఎవరొచ్చారో చూసి చెప్తానన్నాను.
అతను వంగి బల్ల కింద చూశాడు,
కాసేపు అలాగే ఉండిపోయాడు.
ఏమీ అనలేదు.
లేచి, అరచేత్తో బల్లని ఒక్క తోపు తోశాడు.

చప్పుడు లేకుండా
చాలాసేపు తిరిగింది.